ఒకటే చెలక... తీరొక్క సాగు

మట్టెవాడ (వరంగల్): కాకతీయుల నాటి నుంచీ పేరున్న ఈ పాత వాడలో పెరడు ఉన్న ఇల్లు ఇప్పుడు వెదికితే గాని కనిపించదు. చేదబావులు పూడ్చారు. గోడకు గోడ కలిసింది. పెరట్లో ఉండవలసిన చిక్కుడు పందిరి దాబా మీదికెక్కింది. ఏదైనా ఒక దాబా ఎక్కి నాలుగు దిక్కులా చూస్తే, ఏ ఇంటివారిది ఏ తీరో అక్కడి డబ్బాలే చెబుతాయి. ఒక ఇంటి మీద నూనె డబ్బాలు కోసి పుంటికూర చల్లి ఉంటుంది. పక్క ఇంటి మీద సిమెంటు సంచుల్లో వంగ, మిరప, టమాట లెక్క తప్పకుండా వరుసలు కట్టి ఉంటాయి. ఇంకొకరికి కూరలతో పనిలేదు. చేమంతి, మల్లె, తులసి చాలు. మరో ఇంట్లో పగిలిన కుండలో పెట్టిన సొరతీగ పాకి పాకి పొరుగింటి పిట్టగోడ ఎక్కుతుంది. అక్కడ కాసిన కాయ ఎవరిదన్న పేచీ కూడా అప్పుడప్పుడు లేకపోలేదు.

ఈ డబ్బాలన్నిటినీ దించి ఒకే జాగాలో పక్కపక్కన పెట్టారనుకోండి. నీళ్లు ఒకటే, కంచె ఒకటే, కాపలా ఒకటే. విత్తు మాత్రం ఎవరికి నచ్చింది వారిది. దీనికే ఉమ్మడి తోట అని పేరు. పట్నాలవారు ఈ మధ్య దీనిని గురించి గొప్పగా చెప్పుకుంటున్నారు. పల్లెలో ఉన్న మనకు దానితో ఏమి పని అని రైతు సోదరులు అనుకోవచ్చు. కాని ఒక్క సంగతి ఆలోచించవలసి ఉన్నది. దాబా మీద అయిదు డబ్బాలున్న ఇల్లాలు అయిదు రకాలు పెడుతున్నది. అయిదెకరాలున్న రైతు మాత్రం గెట్టు నుంచి గెట్టు దాకా ఒకే రకం పెడుతున్నాడు.

రెండున్నర గుంటల కథ

జర్మనీ దేశంలోని లైప్‌జిగ్ నగరంలో 1865లో పిల్లలు ఆడుకోవడానికని ఒక మైదానం ఏర్పాటు చేశారు. పిల్లలకు మట్టి పని అలవాటు కావాలని ఒక ఉపాధ్యాయుడు ఆ మైదానం అంచున చిన్న చిన్న మడులు కట్టించాడు. పిల్లలకు కొద్ది రోజులలోనే విసుగు పుట్టింది. తల్లిదండ్రులకు మాత్రం రుచి తగిలింది! మడులు వారి చేతిలోకి పోయాయి. ఆ దేశంలో నేటికీ కనిపించే లక్షలాది చిన్న తోటలకు ఆ ఉపాధ్యాయుని మడులు ఒక మొదలు. ఇంగ్లాండులో 1908 నాటి చట్టం ప్రకారం, భూమి లేనివారు తోట కావాలని అడిగితే స్థానిక సంస్థలు జాగా చూపించాలి. అక్కడ ఒక్కొక్కరికి ఇచ్చే తోట కొలత పాత లెక్కలో పది రాడ్లు. మన లెక్కలో సరిగ్గా రెండున్నర గుంటలు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఓడలలో వచ్చే తిండి తగ్గినప్పుడు ఆ దేశాన్ని ఆదుకున్నవాటిలో ఈ గుంటల తోటలు కూడా ఉన్నాయి.

అమెరికాలోని సియాటిల్ నగరంలో ఇటలీ నుంచి వచ్చి స్థిరపడిన పికార్డో అనే రైతు కుటుంబపు భూమిలో 1973లో ఇటువంటి తోట మొదలైంది. ఇప్పుడు ఆ ఒక్క నగరంలోనే ఇటువంటివి సుమారు 90 ఉన్నాయి. వియత్నాం యుద్ధం తరువాత బర్మాకు తూర్పుననున్న దేశాల నుంచి చెదిరి వచ్చినవారు అక్కడ తమ దేశపు ఆకుకూరలు వేసుకున్నారు. మన వైపు నుంచి కంప్యూటర్ ఉద్యోగాలకు పోయినవారు కూడా అమెరికాలో ఇంటి వెనుక గజం జాగా దొరికితే పుంటికూర పెట్టక మానరు. అటువంటి తోటలో మడిని చూస్తే ఆ మనిషి పుట్టిన ఊరు తెలుస్తుందనడంలో అతిశయోక్తి లేదు.

ఆ పత్తి సంవత్సరం

మన జిల్లాలో ఇందుకు ఎదురు కథ నడిచింది. 1997-98లో పత్తి మీద లద్దెపురుగు పడింది. కొట్టిన మందు పనిచేయలేదు. మళ్లీ కొట్టారు. మందు దుకాణంలో అప్పు, విత్తనాల దుకాణంలో అప్పు, దిగుబడి రాలేదు. పురుగు కోసం తెచ్చిన మందునే తాగి రైతులు ప్రాణాలు తీసుకున్న వార్తలతో వరంగల్ పేరు దేశమంతటా వినబడింది. అకాల వర్షాలు, కల్తీ మందులు, వడ్డీ అప్పులు, కారణాలు అనేకం. అన్నిటినీ ఒక్క దాని మీద వేయడం న్యాయం కాదు. అయితే పురుగుకు అడ్డం అనేది లేకుండా ఊరంతా ఒకే పంట ఉండటం ఆ కారణాలలో చిన్నది మాత్రం కాదు. అప్పుడు ఆ ఇండ్లలో చాలావాటికి తినడానికి జొన్నలు కూడా పొలం నుంచి రాలేదు. బియ్యం, పప్పు కూడా దుకాణంలోనే కొనవలసి వచ్చింది.

ఆ దెబ్బ తరువాత మారిన ఊరు ఒకటి మన పాత వరంగల్ జిల్లాలోనే ఉన్నది. లింగాల ఘనపూర్ మండలం ఏనెబావి 2016 నుంచి జనగామ జిల్లాలోకి పోయింది గాని, అంతకు ముందు మనదే. సుమారు 50 కుటుంబాలు, 280 ఎకరాల భూమి. జనగామలో పనిచేసే క్రాప్స్ అనే సంస్థ తోడ్పాటుతో ఆ ఊరివారు మొదట పురుగు మందులు, తరువాత రసాయనిక ఎరువులు మానుకుని, 2006లో తమది రసాయనాలు లేని గ్రామమని ప్రకటించుకున్నారు. పత్తిలో బంతి, ఆముదం వంటివి కలిపి పెట్టడం, వేప గింజల కషాయం, పేడ ఎరువు, ఇవే వారి ఆయుధాలు. అయితే ఏనెబావిలో ఎవరి భూమి వారిది, ఊరు చేసుకున్న కట్టుబాటు మాత్రం ఉమ్మడిది. భూమిని కూడా కలిపి సాగు చేసిన చోటు చూడాలంటే జహీరాబాద్ దాకా పోవాలి.

ఎకరంలో ఇరవై

జహీరాబాద్ ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. 2016 వరకు మెదక్ జిల్లా. అక్కడ పస్తాపూర్ కేంద్రంగా 1983లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ పని మొదలుపెట్టింది. దాని స్థాపకులలో ఒకరైన పి.వి. సతీష్ 2023 మార్చిలో కన్నుమూశారు. సుమారు 75 గ్రామాలలో ఏర్పడిన సంఘాలలో సభ్యులు స్త్రీలే, అందులోనూ ఎక్కువ మంది దళిత స్త్రీలు. మొదట్లో వారి చేతికి వచ్చినది ఎవరూ పట్టించుకోని భూమి. పట్టా ఉన్నా దున్నక పడావు పడిన ఎర్ర చెలకలు, రాళ్లు తేలిన గుట్టల అంచులు. రాళ్లు ఏరి, కట్టలు పోసి, పశువుల పెంట తోలి వాటిని సాగులోకి తెచ్చుకున్నారు. కొన్ని ఊళ్లలో సంఘమంతా కలిసి కౌలుకు పట్టారు. మరికొన్ని చోట్ల షెడ్యూల్డు కులాల కార్పొరేషన్ పథకం కింద భూమి కొనుక్కున్నారు.

ఆ చెలకలలో వానాకాలపు చేను ఒకటి ఎట్లా ఉంటుందో చూడండి. ప్రధానం జొన్న. కొన్ని జొన్న సాళ్లకొకటి చొప్పున కంది సాలు. నడుమ పెసర, మినుము. అనుము, బొబ్బర తీగలు జొన్న కర్రను పట్టుకుని పాకుతాయి. ఒక పక్కన కొర్ర, సామ, సజ్జ. అక్కడక్కడ నువ్వు, పుంటికూర. గెట్టు వెంట ఆముదం. యాసంగిలో నల్లరేగడిలో తెల్లజొన్న, శనగ, అవిసె, ధనియాలు, వాము వస్తాయి. అంచున కుసుమ పెడితే దాని ముళ్లకు జడిసి పశువు నోరు పెట్టదు. నీరు కట్టకుండా రాత్రి మంచుకే పండే ఈ యాసంగి పంటలను అక్కడి స్త్రీలు సత్యం పంటలంటారు. లెక్కపెడితే ఒక్క ఎకరంలో పదిహేను, ఇరవై రకాలకు తక్కువ ఉండవు.

చూడటానికి చిందరవందరగా కనిపించే ఈ చేనులో లెక్క ఉన్నది. పెసర, మినుము, కంది వంటి పప్పుజాతి మొక్కల వేళ్ల బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు ఇస్తాయి. బొబ్బర నేలను కప్పి తడి ఆరిపోకుండా చూస్తుంది. జొన్న వేరు ఒక లోతులో నీరు తీసుకుంటే కంది వేరు ఇంకా అడుగుకు దిగుతుంది. అన్నిటికంటే ముఖ్యం కోతల వరుస. పెసర అరవై, డెబ్బై రోజులకే ఇంటికి వస్తుంది. కొర్ర మూడు నెలలకు, జొన్న ఆ తరువాత, కంది ఆరు నెలలకు. నడుమ ఒక నెల వాన మొఖం చాటేస్తే ఒకటి రెండు పంటలు పోతాయి. ఇరవైకి ఇరవై పోవడమంటూ జరగదు.

ఇదంతా శాస్త్రం. కాని చేను చూసినవారిని ఎక్కువగా ఆకట్టుకునేది మరొకటి. ఒకే సంఘం, ఒకే రకం నేల, ఒకే రోజు పడ్డ వాన. అయినా ఇద్దరి సాగు ఒక్క తీరుగా ఉండదు. ఇంట్లో బర్రె ఉన్న ఆమె పొడుగు సొప్ప ఇచ్చే పాత జొన్నను వదలదు. పసిపిల్లల తల్లి పెసర సాళ్లు ఎక్కువ పోస్తుంది. భాద్రపదంలో గంజిలోకి పప్పు కావాలి గదా! రోజూ కూలికి పోక తప్పని ఆమెకు కలుపు తీసే తీరిక ఉండదు, అందుకని నేలను త్వరగా కప్పే బొబ్బర, ఉలవ చల్లుతుంది. పొయ్యిలోకి కట్టెల కరువున్న ఇంటివారు కంది ఎక్కువ పెడతారు, కంది కట్టె కోసం. వయసు మీరిన ఆమె సామ, కొర్ర అంటుంది. వాటిని ఏళ్లతరబడి నిలవ పెట్టినా పురుగు సులువుగా పట్టదు. విత్తే తీరు కూడా అంతే. కొందరు గొర్రు కట్టి సాళ్లు పోస్తారు. కొందరు నాగలి వెనుక నడుస్తూ సాలులో గింజ వదులుతారు. ఇంకొందరు అన్ని విత్తనాలూ ఒడిలో కలుపుకొని ఒక్క చేతి విసురుతో చల్లుతారు. ఎవరిది సరైన పద్ధతి అని అడిగితే ఎవరికి వారు తమదే అంటారు. ఆ వాదన తెగకపోవడం వల్లనే అన్ని రకాల విత్తనాలూ ఊళ్లో మిగిలాయని మా అభిప్రాయం.

విత్తనం దాచేది కూడా స్త్రీలే. మట్టి, పేడ కలిపి మెత్తిన బుట్టలో బూడిద, వేపాకు వేసి గింజను పెడతారు. లేనివారు సంఘం నుంచి విత్తనం తీసుకుపోయి, పంట వచ్చినాక తీసుకున్నదానికి కొంత ఎక్కువ కలిపి కొలుస్తారు. నడుమ రూపాయి మాట రాదు. మాచ్‌నూర్ గ్రామంలో 2008లో ఈ సంఘాల స్త్రీలే సొంతంగా ఒక రేడియో కేంద్రాన్ని పెట్టుకున్నారు. ఏ చేనులో ఏమి పెట్టారో, ఏ పురుగుకు ఏమి చేశారో వారి యాసలోనే వినిపిస్తారు. 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ బహుమతి ఈ సంస్థకు వచ్చింది.

చెప్పడం మరిచిపోకూడనిది ఇంకొకటి ఉన్నది. ఎవరూ విత్తకుండా వచ్చే కూరలు. తుమ్మికూర, దొగ్గలికూర, జొన్న చెంచలి, పొన్నగంటి, గంగవాయిలి, తెల్ల గర్జెలు, ఇట్లా పదుల రకాలు అక్కడి చేలల్లో వాటంతటవే మొలుస్తాయి. వానాకాలంలో పేదింటికి వారంలో సగం రోజులు ఇదే కూర. మన బతుకమ్మకు అందం తెచ్చే గునుగు కూడా ఈ జాతిదే. లేతప్పుడు కూర, పూసినాక పువ్వు. కలుపు మందు కొట్టిన చేనులో ఇవేవీ మిగలవు. ఒకప్పుడు చెలక గట్టున ఉత్తగా దొరికిన గునుగును పండుగ పూట వరంగల్ బజారులో కట్టలెక్కన కొంటున్నామంటే అందుకు ఒక కారణం ఇదే.

లెక్కకు అందని చేను

ఉమ్మడి సాగులో కష్టాలు లేవని చెప్పడం అబద్ధమవుతుంది. ఆర్థిక శాస్త్రవేత్త బీనా అగర్వాల్ కేరళ, తెలంగాణలలో స్త్రీల ఉమ్మడి సాగును పోల్చి చూసి 2018లో ఫలితాలు ప్రచురించారు. కేరళలో కుటుంబశ్రీ స్త్రీలు అయిదారుగురు చొప్పున చిన్న జట్లుగా కౌలుకు పట్టి కూరగాయలు, అరటి పండించారు. విడి రైతుల కంటే వారి దిగుబడి విలువ చాలా ఎక్కువ. తెలంగాణలో 2001 నుంచి మహిళా సమత పథకం కింద ఏర్పడిన జట్లలో ఒక్కొక్క దానిలో ఇరవై మంది దాకా ఉన్నారు, భూమి అంతంత మాత్రం, పంటలు ఎక్కువగా తిండిగింజలు. వారి దిగుబడి విడి రైతుల కంటే తక్కువగానే వచ్చింది. కూలి ఖర్చు కలిసి రావడం వల్ల చేతికి మిగిలింది మాత్రం సమానం. అంటే జట్టు చిన్నదిగా ఉండాలి, నేల కాస్త మంచిదై ఉండాలి.

రెండో కష్టం కాగితాలది. బ్యాంకులో పంట రుణం ఫలానా పంటకు ఎకరానికి ఇంత అని ఉంటుంది. పత్తికి ఒక లెక్క, వరికి ఒక లెక్క. ఇరవై పంటలున్న ఎకరాన్ని ఏ గడిలో రాయాలో రాసేవారికి తోచదు. పంటల బీమా కూడా ఈ తోవలోనే నడుస్తుంది. మిశ్రమ పంటలకు కూడా బీమా ఉండాలని జహీరాబాద్ సంఘాలు అడుగుతున్నవి. ఇది అన్యాయమైన కోరికేమీ కాదు.

అన్నిటికంటే పెద్దది భూమి సంగతి. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాలలోని 17 గ్రామాలలో సుమారు 12,600 ఎకరాలతో పారిశ్రామిక మండలి పెట్టడానికి 2016లో కేంద్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పారిశ్రామిక నగరాల జాబితాలో కూడా 3,245 ఎకరాలతో జహీరాబాద్ ఉన్నది. సంఘాల ఊళ్లు కొన్ని ఆ మండలాలలోనివే. రేడియో ఉన్న మాచ్‌నూర్ కూడా ఝరాసంగం మండలమే. ఫ్యాక్టరీ వస్తే పిల్లలకు ఉద్యోగాలు వస్తాయన్న ఆశ అక్కడ కొందరికి ఉన్నది, దానిని తప్పు పట్టలేము. ఎకరానికి ఇంత అని పరిహారం కట్టేటప్పుడు మాత్రం ఆ చేను ఇచ్చే జొన్న, పప్పు, నూనె గింజ, సొప్ప, కట్టె, కూర, విత్తనం అన్నీ కలిపి ఎవరు లెక్క కడతారు? రాళ్లు ఏరడానికి పట్టిన ఏళ్ల చాకిరీకి ఏ ధర రాస్తారు?

పది గుంటలు చాలు

మన ఊళ్లలో ఇట్లాంటిది మొదలుపెట్టడానికి వందల ఎకరాలు అక్కరలేదు. తెలంగాణలో 2020 నుంచి గ్రామ పంచాయతీలలో పల్లె ప్రకృతి వనాలు, నర్సరీలు ఏర్పాటయ్యాయి. వాటిలో కొన్ని పచ్చగా ఉన్నాయి, కొన్ని చోట్ల బోర్డు మాత్రమే మిగిలింది. అటువంటి చోట గాని, బడి వెనుక గాని పది గుంటలు, అంటే పావెకరం, దొరికితే పది మంది స్త్రీలకు గుంట చొప్పున వస్తుంది. పది మందికి మించితే రెండు తోటలు చేయడం మేలు. నీటి కుళాయి, కంచె, పెంట కుప్ప ఉమ్మడి. మడికి మడికి నడుమ ఒక మనిషి నడిచే బాట. చుట్టూ ఆముదం, కంది వేస్తే కంచె బలపడుతుంది. ఏమి పెట్టాలో మాత్రం ఎవరూ ఎవరికీ చెప్పరాదు. అధికారులు అసలే చెప్పరాదు. కోయవారి ఆడబిడ్డ తన అడవి దుంపలు పెట్టుకోవచ్చు, తండా నుంచి వచ్చిన ఆమె తన మక్కలు, మిరప పెట్టుకోవచ్చు. ఒక్క కట్టుబాటు మాత్రం తప్పదు. కలుపు మందు ఎవరూ తేరాదు. గాలికి అది పక్క మడి మీద పడితే పొరుగామె కూర మాడిపోతుంది.

మొదటి ఏడు పునాసలోనే అన్నీ పెట్టాలన్న తొందర వద్దు. పుంటికూర, బొబ్బర, చిక్కుడు, బీర, పెసర చాలు. ఇవన్నీ మన ఇండ్లలో, చుట్టాల ఇండ్లలో ఎక్కడో ఒకచోట కుండ అడుగున ఇంకా ఉండే విత్తనాలే. కొర్ర, సామ, పాత జొన్న రకాలు కావలసినవారికి జహీరాబాద్ ప్రాంతంలో ఏటా సంక్రాంతి రోజులలో మొదలయ్యే పాత పంటల జాతర మంచి అవకాశం. విత్తనాలు నింపిన బుట్టలతో ఎడ్లబండ్లు సుమారు నెల రోజులపాటు ఊరూరా తిరుగుతాయి. ఆగిన ప్రతి ఊళ్లోనూ బండి దగ్గర కూర్చుని ఆడవారు తమ తమ విత్తనం గురించి చెబుతారు, అడిగినవారి విత్తనం గురించి వింటారు. హైదరాబాద్ నుంచి ముంబాయి రోడ్డు మీద వంద కిలోమీటర్ల పైచిలుకు పోతే జహీరాబాద్, దానిని ఆనుకుని పస్తాపూర్.